డ్రైవ్ పోయే రోజు కోసమే క్యాబినెట్

పోయినేడాది మే నెలలో ఓ రాత్రి తొమ్మిదింటికి నాన్న ఫోన్ చేశాడు. “ఒరేయ్, నువ్వు చెప్పిన డ్రైవే పీకాను. మళ్లీ ఆన్ చేస్తే ఒక్క ఫోల్డరూ కనబడట్లేదు” అన్నాడు. నేను హైదరాబాద్‌లో, ఆయన బాపట్ల దగ్గర మా ఊళ్లో. మధ్యలో ఓ రాత్రి బస్సు ప్రయాణం. స్టూడియో బెంచీ మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు, వాళ్లమ్మ ఫొటో కోసం.

నాన్నది ఫొటో స్టూడియో. కింద స్టూడియో, పైన ఇల్లు. ఫిల్మ్ రీళ్లు పోయి డిజిటల్ కెమెరా వచ్చినప్పట్నుంచీ తీసిన ప్రతి పెళ్లీ, ఓణీల ఫంక్షనూ, గృహప్రవేశమూ హార్డ్ డిస్కుల్లోనే ఉన్నాయి. ఆల్బమ్ ఇచ్చేశాక ఆ ఫైళ్లతో పనేముంది అనుకుంటాం. చిన్న ఊళ్లలో స్టూడియో నడిపేవాళ్లని అడిగి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లు పోతారు. పెద్దకర్మకి పటం కట్టిద్దామంటే మంచి ఫొటో ఒక్కటీ ఉండదు. అప్పుడు గుర్తొస్తుంది, ఫలానా పెళ్లిలో అమ్మ పట్టుచీర కట్టుకుని నవ్వుతూ నిలబడిందని. ఆ గ్రూప్ ఫొటోలోంచి ఒక్క మొహాన్ని కత్తిరించి, పెద్దది చేసి ఇవ్వడం నాన్నకి తరచూ వచ్చే పని. ఈ పనికి మాత్రం డబ్బులడగడానికి ఆయనకి నోరు రాదు.

బెంచీ మీద ఉన్నాయన అడుగుతున్నది 2011లో జరిగిన పెళ్లి. పెద్దకర్మ ఎల్లుండి.

అన్నీ ఆలోచించాను, డబ్బా తప్ప

అంతకు మూడేళ్ల ముందు వరకూ నాన్న డిస్కులన్నీ బిస్కెట్ డబ్బాలో, బీరువాలో, గల్లాపెట్టె కింద ఉండేవి. ఒకటి కింద పడి టిక్ టిక్ మని కొట్టుకుని చచ్చిపోయాక, ఇక లాభం లేదని నేనే ఇంట్లో ఒక స్టోరేజ్ సర్వర్ కట్టాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాం కదా, ఆ మాత్రం చేయలేమా అని. నా పాత మదర్‌బోర్డు, 8 టీబీ డ్రైవ్‌లు నాలుగు. జెడ్‌ఎఫ్‌ఎస్ పెట్టాను. నాలుగింట్లో ఒకటి పోయినా మిగతా మూడు డేటాని కాపాడే ఏర్పాటు. ఏ డ్రైవ్‌కైనా జబ్బు చేస్తే నాకు మెయిల్ వస్తుంది. ఫైల్ సిస్టం గురించి నెల రోజులు చదివాను. క్యాబినెట్ గురించి ఒక్క పూట కూడా ఆలోచించలేదు. ఇంజనీరింగ్ ఫైనలియర్‌లో ముచ్చటపడి కొన్న గేమింగ్ క్యాబినెట్ మూల పడి ఉంటే అందులోనే బిగించేశాను. ముందు అద్దం, లోపల రంగురంగుల లైట్లు. స్టూడియోలో పెళ్లి పందిరిలా వెలిగిపోయేది.

ఇప్పటి గేమింగ్ క్యాబినెట్లలో హార్డ్ డిస్కుకి మర్యాద లేదు. గేములాడేవాళ్లకి ఎం.2 ఎస్‌ఎస్‌డీ ఒకటి చాలు, అది బోర్డు మీదే కూర్చుంటుంది. అందుకని తయారీదారులు డిస్కుల అరలన్నీ తీసేసి, ఎస్‌ఎంపీఎస్ పక్కన మూత కింద రెండు డ్రైవ్‌లు పట్టే చిన్న బోను మాత్రం మిగిల్చారు. నా నాలుగు డ్రైవ్‌లలో రెండు ఆ బోనులోకి వెళ్లాయి. మిగతా రెంటినీ ముందు ఫ్యాను దగ్గర ఒక రేకు ముక్కకి బిగించాను. మూత పెట్టేటప్పుడు సైడ్ ప్యానెల్ కేబుళ్లని నొక్కుకుంటూ మూసుకునేది. మూసుకుంది కదా అనుకున్నాను.

ఆ మే నెల సాయంత్రం ఒక డ్రైవ్ పోయిందని మెయిల్ వచ్చింది. భయపడాల్సిందేం లేదు, ఇలాంటి రోజు కోసమే కదా నాలుగు పెట్టింది. స్పేర్ డ్రైవ్ కూడా స్టూడియోలోనే ఉంది. ఫోన్లో నాన్నకి చెప్పాను. షట్‌డౌన్ చేయి, మూత తీయి, బోనులో పైనుంచి రెండోది తీసేసి కొత్తది పెట్టు అని. నేను బిగించింది క్యాబినెట్‌ని పక్కకి పడుకోబెట్టి. ఆయన తీసింది నిలబెట్టి. నా ‘పైన’ ఆయనకి ‘పక్కన’ అయింది. సీరియల్ నంబర్ చదవమందామంటే, అది డ్రైవ్ వీపు మీద ఉంటుంది. బయటికి తీస్తే గాని కనబడదు. పోయిన డ్రైవ్ లోపలే ఉండిపోయింది, బతికున్నది బయటికి వచ్చింది. అంతవరకైతే మళ్లీ పెట్టేస్తే సరిపోయేది. ఇరుకులో బలంగా లాగేసరికి ఆ మంచి డ్రైవ్ సాటా కనెక్టర్‌లోని ఎల్ ఆకారపు ప్లాస్టిక్ నాలుక పుటుక్కున విరిగి, కేబుల్‌లోనే ఉండిపోయింది. ఒక డ్రైవ్ పోతే తట్టుకునే చోట రెండు పోయాయి. 2011 పెళ్లి సహా అన్నీ మాయం.

నాన్న తప్పేమీ లేదు. ఆయన నేను చెప్పినట్టే చేశాడు. తప్పు ఆ డబ్బాది, ఆ డబ్బాని ఎంచుకున్న నాది.

అప్పటికప్పుడు బస్సెక్కి, తెల్లారి అయిదింటికి దిగాను. విరిగిన ప్లాస్టిక్ ముక్కని కేబుల్‌లోంచి కదపకుండా, డ్రైవ్ మీది రాగి పలకలకి ఆనేలా మెల్లగా అమర్చి, కదలకుండా దారంతో కట్టి, ఆన్ చేశాను. పూల్ పైకి వచ్చింది. ముందు చేసిన పని 2011 ఫోల్డర్‌ని నా లాప్‌టాప్‌లోకి లాక్కోవడం. పదకొండింటికల్లా ఫ్రేమ్ కట్టించి ఇచ్చేశాం. ఆయన పటం పట్టుకుని చాలాసేపు చూసుకుని, “అమ్మ ఇట్టాగే ఉండేది బాబూ” అని వెళ్లిపోయాడు. నేను కుర్చీలో కూలబడ్డాను. ఆ దారం ముడి జారి ఉంటే?

ఆ రోజు అర్థమైంది. స్టోరేజ్ సర్వర్‌కి క్యాబినెట్‌ని మనం బిగించే రోజుని ఊహించుకుని కొంటాం. ఆ రోజు మన చేతిలో టైముంటుంది, వెలుతురుంటుంది, ఉత్సాహముంటుంది. అసలు ఊహించుకోవాల్సింది డ్రైవ్ పోయిన రోజుని. ఆ రోజు మనం ఊళ్లో ఉండం, చేతులు వణుకుతుంటాయి, ఎవరో ఎదురుచూస్తుంటారు.

నాన్న పరీక్ష

కాబట్టి మొదటి ప్రశ్న ఇది: మీ ఇంట్లో కంప్యూటర్ తెలియని మనిషి, మీరు ఫోన్లో చెబుతుంటే, స్క్రూడ్రైవర్ లేకుండా, సరైన డ్రైవ్‌ని, పక్కదాన్ని కదపకుండా తీయగలరా? దీనికి నేను ‘నాన్న పరీక్ష’ అని పేరు పెట్టుకున్నాను.

ఈ పరీక్షలో హాట్-స్వాప్ అరలున్న క్యాబినెట్లకి ఎక్కువ మార్కులు పడతాయి. హాట్-స్వాప్ అంటే ముందునుంచి సొరుగు లాగినట్టు డ్రైవ్‌ని లాగడం. వెనక ఒక సర్క్యూట్ పలక ఉంటుంది, కేబుళ్లన్నీ దానికే. వాటిని ఒకసారి బిగిస్తే మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. ఆన్‌లో ఉండగా తీయడం అనే సౌకర్యం ఇంటివాళ్లకి పెద్దగా అవసరం లేదు, మనం ఆపేసే తీద్దాం. కేబుల్ జోలికి పోకుండా తీయగలగడమే మనకి ముఖ్యం.

మామూలు ట్రేలున్న క్యాబినెట్ అయినా ఫర్వాలేదు, ఒక్కో డ్రైవ్‌కి ఒక్కో ట్రే ఉండి, వెనక వైపు కేబుల్‌కి కనీసం మూడు వేళ్ల ఖాళీ ఉంటే. ఏదైనా సరే, బిగించేముందే ప్రతి డ్రైవ్ సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అక్షరాలూ ఒక స్టిక్కర్ మీద రాసి, ట్రే ముందు భాగంలో అంటించండి. ఈ ఒక్క పని నేను అప్పట్లో చేసి ఉంటే బస్సెక్కే పని ఉండేది కాదు.

గాలి ఎటునుంచి ఎటు?

రెండో ప్రశ్న వేడి. 3.5 అంగుళాల డ్రైవ్ ఒకటి తిరుగుతున్నప్పుడు సుమారు 5 నుంచి 8 వాట్లు తింటుంది. ఎనిమిది పెడితే 50 వాట్ల బల్బు ఒకటి రాత్రింబవళ్లు డబ్బాలో వెలుగుతున్నట్టే. మామూలు డ్రైవ్‌లకి కంపెనీలు చెప్పే గరిష్ఠ పరిమితి 60 డిగ్రీల దగ్గర ఉంటుంది. చల్లటి దేశాల్లో 22 డిగ్రీల గదిలో కూర్చుని రివ్యూ రాసినాయనకి డ్రైవ్ 38 చూపిస్తే, అంటే గది కంటే 16 డిగ్రీలు ఎక్కువ. అదే క్యాబినెట్ మే నెలలో ఏసీ లేని మా స్టూడియో వెనక గదిలో, 37 డిగ్రీల దగ్గర పెడితే 53. రివ్యూలు చదివేటప్పుడు ఉష్ణోగ్రత కాదు, గదికీ డ్రైవ్‌కీ మధ్య తేడా చూడాలి. నా అద్దాల క్యాబినెట్‌లో బోను లోపలి డ్రైవ్‌లు 54 చూపించేవి.

వేడి వల్లే నా డ్రైవ్ పోయిందని చెప్పలేను. గూగుల్ ఇంజనీర్లు 2007లో తమ డేటా సెంటర్లలోని లక్షకు పైగా డ్రైవ్‌లని గమనించి ఒక పరిశోధన పత్రం వెలువరించారు. వేడికీ డ్రైవ్‌లు పోవడానికీ జనం అనుకునేంత సంబంధం అందులో కనబడలేదు. బాగా ఎక్కువ వేడి దగ్గర, అదీ పాతబడ్డ డ్రైవ్‌లలోనే ప్రభావం కనబడింది. కాబట్టి 35 ఉందా 40 ఉందా అని నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. కానీ మన ఎండాకాలం మనల్ని నేరుగా ఆ ‘బాగా ఎక్కువ’ వైపే తీసుకెళ్తుంది. పైగా ఒక డ్రైవ్ మార్చిన రోజున, కొత్తదాన్ని నింపడానికి మిగిలినవన్నీ గంటల తరబడి ఆగకుండా చదవాలి. వయసు మీదపడ్డ డ్రైవ్‌లకి అంత కష్టమైన రోజు ఇంకోటి ఉండదు.

గాలి విషయంలో చూడాల్సింది ఫ్యాన్ల సంఖ్య కాదు, గాలి దారి. ముందు జాలీ ఉండాలి, అద్దం కాదు. ఫ్యాన్ వెంటనే డ్రైవ్‌లుండాలి. డ్రైవ్‌కీ డ్రైవ్‌కీ మధ్య సందుండాలి. 3.5 అంగుళాల డ్రైవ్ మందం 26 మిల్లీమీటర్లు. వాటి మధ్య కనీసం చిటికెన వేలి మందంలో సగమైనా ఖాళీ లేకపోతే గాలి చుట్టూ తిరిగి తేలిక దారిలో పోతుంది, డ్రైవ్‌ల మధ్యకి రాదు. ఫ్యాన్ పెద్దదైతే నెమ్మదిగా తిరిగినా గాలి సరిపోతుంది, చప్పుడు తగ్గుతుంది. 80 ఎంఎం ఫ్యాన్లున్న సెకండ్ హ్యాండ్ సర్వర్ డబ్బా చవగ్గా వస్తుంది గానీ, ఇంట్లో పెడితే ఇంటివాళ్లు మిమ్మల్నీ దాన్నీ కలిపి బయట పెడతారు. 120 ఎంఎంకి తగ్గకపోవడం మంచిది. దుమ్ము ఫిల్టర్ కూడా నాన్న పరీక్షలో భాగమే. క్యాబినెట్‌ని కదపకుండా ముందునుంచి ఊడొస్తేనే ఎవరైనా కడుగుతారు, లేకపోతే దీపావళికి దీపావళికే.

వణుకు, కరెంటు

డ్రైవ్ లోపల పళ్లేలు నిమిషానికి 5,400 లేదా 7,200 సార్లు తిరుగుతుంటాయి. ఒక దాని వణుకు పక్కదాన్ని కుదుపుతుంది. ఇదేదో పుస్తకాల మాట అనుకోకండి. 2008లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో పనిచేస్తున్న బ్రెండన్ గ్రెగ్, డేటా సెంటర్‌లో డిస్కుల వరస ముందు నిలబడి గట్టిగా అరిచిన వీడియో ఒకటుంది. ఆయన అరిచినప్పుడల్లా డిస్కులు బదులివ్వడానికి తీసుకునే సమయం గ్రాఫ్‌లో ఒక్కసారిగా పైకి లేస్తుంది. అరుపుకే అలా ఉంటే, పల్చటి రేకు డబ్బాలో ఎనిమిది డ్రైవ్‌లు ఒకదాన్నొకటి కుదుపుకుంటుంటే? షాపులో క్యాబినెట్ సైడ్ రేకుని వేలితో కొట్టి చూడండి. డప్పులా మోగితే వద్దు. ట్రేల్లో స్క్రూ దగ్గర రబ్బరు వాషర్లున్నాయా చూడండి.

అలాగే 8 టీబీ, 12 టీబీ లాంటి పెద్ద డ్రైవ్‌లు కొన్నింటిలో మధ్య స్క్రూ రంధ్రం ఉండదు. పాత ట్రేలకి బిగిద్దామంటే రెండు స్క్రూలే పడతాయి. డ్రైవ్‌ని పట్టుకెళ్లి చూసుకోవడమే మార్గం.

ఇక కరెంటు. ఆన్ చేసిన మొదటి కొన్ని క్షణాల్లో, పళ్లేలు వేగం అందుకునేటప్పుడు, ఒక్కో డ్రైవ్ 12 వోల్టుల లైన్ మీద సుమారు 2 ఆంపియర్లు లాగుతుంది. ఎనిమిదికి 16 ఆంపియర్లు, అంటే 190 వాట్లకి పైమాటే. తర్వాత 50కి దిగుతుంది. ఎస్‌ఎంపీఎస్ కొనేటప్పుడు ఆ మొదటి క్షణాల లెక్క చూసుకోవాలి. రెండు జాగ్రత్తలు. మోలెక్స్ నుంచి సాటాకి మార్చే చవకరకం పోత పోసిన ప్లాస్టిక్ కనెక్టర్లు లోపల తీగలు కలిసి కాలిపోతాయి. నొక్కి బిగించే రకమే తీసుకోండి. రెండోది, మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు చూడ్డానికి ఒకేలా ఉన్నా కంపెనీ కంపెనీకీ వైరింగ్ మారుతుంది. పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ కొత్తదానికి తగిలిస్తే ఆ లైన్లో ఉన్న డ్రైవ్‌లన్నీ ఒక్క దెబ్బకి పోవచ్చు.

సీటీసీలో ఓ శనివారం

ఈ లిస్టు జేబులో పెట్టుకుని ఒక శనివారం సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లాను. మనందరం సీటీసీ అంటామే, అదే. “భయ్యా, ఎనిమిది హార్డ్ డిస్కులు పట్టే క్యాబినెట్ చూపించు” అంటే, షాపతను నన్ను పైనుంచి కిందికి చూసి, “సీసీ కెమెరాలకా అన్నా? డీవీఆర్ తీస్కో, సరిపోద్ది” అన్నాడు. వరసగా షాపులన్నీ తిరిగినా కనబడ్డవన్నీ అద్దాలే. డ్రైవ్‌ల క్యాబినెట్లు కావాలంటే ఎక్కువగా ఆర్డర్ పెట్టించుకోవాల్సిందే.

ఆ రకంగా పేర్లు వెతుక్కుంటే నాకు తేలినవి ఇవి. ఫ్రాక్టల్ డిజైన్ వాళ్ల నోడ్ 304 చిన్నది, ముద్దుగా ఉంటుంది, ఆరు డ్రైవ్‌లు పడతాయి. కానీ మినీ-ఐటీఎక్స్ బోర్డే పడుతుంది. ఆ బోర్డులకి ఎక్స్‌పాన్షన్ స్లాట్ ఒక్కటే. సాటా పోర్టులు చాలక కార్డు పెడితే ఆ స్లాట్ అయిపోయింది, ఇంకేం పెట్టలేం. పైగా డ్రైవ్‌లు జంటలుగా బ్రాకెట్లకి వేలాడతాయి. ఒకటి తీయాలంటే రెంటి కేబుళ్లూ పీకాలి. నాన్న పరీక్షలో తప్పింది. నోడ్ 804లో మైక్రో-ఏటీఎక్స్ బోర్డు పడుతుంది, ఎనిమిది డ్రైవ్‌లు నాలుగేసి చొప్పున వేరే గదిలో వేలాడతాయి, వేడి విషయంలో మంచి ఆలోచన. కానీ తీయడానికి అక్కడా కేబుళ్లతో కుస్తీ తప్పదు. డిఫైన్ ఆర్5 నిలువు టవర్, ఎనిమిది ట్రేలు, రబ్బరు వాషర్లు, చప్పుడు లేకుండా లోపల మెత్త. ఒక్కో డ్రైవ్ విడిగా జారుతుంది. వెనక ప్యానెల్ కూడా తీయాలి, అంతే. మీరు ఇంట్లోనే ఉండేవాళ్లయితే దీన్లో పేరు పెట్టడానికేం లేదు. జాన్స్‌బో ఎన్3లో ఎనిమిది హాట్-స్వాప్ అరలున్నాయి, పెట్టెంత సైజు. బోర్డు మళ్లీ మినీ-ఐటీఎక్సే, ఎస్‌ఎంపీఎస్ చిన్న ఎస్‌ఎఫ్ఎక్స్ రకం కొనాలి. సిల్వర్‌స్టోన్ సీఎస్380లో పెద్ద బోర్డు, ఎనిమిది హాట్-స్వాప్ అరలూ రెండూ ఉన్నాయి. అయితే ఫ్యాన్లు పక్కనుంచి ఊదుతాయి కాబట్టి గాలి దారి చూసుకోవాలి.

ఇక్కడ ఒక నిజం చెప్పాలి. మీకు నాలుగు డ్రైవ్‌లు మించి అక్కర్లేదంటే ఈ బాధలేవీ పడకండి. రెడీమేడ్ నాస్ డబ్బా కొనుక్కోండి, నాన్న పరీక్షలో అది సునాయాసంగా పాసవుతుంది. డ్రైవ్‌లు పెరిగేకొద్దీ ఆ రెడీమేడ్ డబ్బాల ధరలు కొండెక్కుతాయి, సొంతంగా కట్టుకోవడం అక్కడ లాభం.

అటక మీద దొరికింది

నేను చివరికి పెట్టింది ఈ పేర్లలో ఏదీ కాదు. ఊరెళ్లినప్పుడు ఈ గోలంతా విని నాన్న, “పెద్ద డబ్బా కావాలంటే అటక మీద డీవీడీల సీపీయూ ఉందిగా” అన్నాడు. పెళ్లి వీడియోలు డీవీడీల్లో ఇచ్చే రోజుల్లో ఒకేసారి కాపీలు కొట్టడానికి నాన్న కట్టించుకున్న ఫుల్ టవర్ అది. ముందు వైపు ఆరు 5.25 అంగుళాల అరలు, వాటిలో మూడు డీవీడీ రైటర్లు. రేకు మందంగా, ఎత్తితే నడుం పట్టేసేలా ఉంది. వేలితో కొడితే చప్పుడే లేదు.

డీవీడీ రైటర్ల కాలం పోయాక క్యాబినెట్లలోంచి ఈ అరలు మాయమైపోయాయి. కానీ మన పనికి ఇంతకంటే మంచివి లేవు. మూడు అరల జాగాలో దూరే హాట్-స్వాప్ బోనులు విడిగా దొరుకుతాయి. నాలుగు డ్రైవ్‌లవి, అయిదు డ్రైవ్‌లవి. అయిదంటే ఆశ పుడుతుంది, నాకూ పుట్టింది. లెక్క వేస్తే తగ్గింది. మూడు అరల ఎత్తు సుమారు 125 మిల్లీమీటర్లు. నాలుగు డ్రైవ్‌లు అడ్డంగా పేరిస్తే 104 పోను 20 మిల్లీమీటర్లు గాలికి మిగులుతాయి. అయిదు పట్టాలంటే నిలువుగా నిలబెట్టాలి. అర వెడల్పు 146లో అయిదు డ్రైవ్‌లే 130 తినేస్తాయి, మిగిలిన 16లోంచే బోను రేకులు కూడా పోవాలి. మా ఊరి ఎండకి అది కుదరదు. నాలుగేసి పట్టేవి రెండు బోనులు తీసుకున్నాను, వెనక 120 ఎంఎం ఫ్యాన్లున్నవి.

ఒక చిక్కు మాత్రం వచ్చింది. పాత క్యాబినెట్లలో ప్రతి అరకీ, రైటర్ బరువు మోయడానికి లోపలికి వంచిన రేకు నాలుకలుంటాయి. మూడు అరల బోను దూరాలంటే అవి అడ్డం. పట్టకారుతో ఒక్కోదాన్నీ వెనక్కి మడిచి చదును చేశాను. ఒక మధ్యాహ్నం, రెండు వేళ్లకి గాట్లు. ఎస్‌ఎంపీఎస్ కొత్తది వేశాను. పదేళ్లు దాటినదాన్ని నమ్మి డ్రైవ్‌లు తగిలించకూడదు. సాటా పోర్టులు చాలక సెకండ్ హ్యాండ్ హెచ్‌బీఏ కార్డు పెట్టాను. సర్వర్ల హోరుగాలిలో పనిచేయడానికి తయారైన కార్డు అది, మామూలు క్యాబినెట్‌లో కాలిపోతుంది. దాని మీదికి ఒక చిన్న ఫ్యాన్ తిప్పాను.

ఇప్పుడు ఆరు డ్రైవ్‌లున్నాయి, ఏ రెండు పోయినా డేటా నిలుస్తుంది. రెండు అరలు కావాలనే ఖాళీగా ఉంచాను. క్యాబినెట్ ఎప్పుడూ ఇవాళ్టి అవసరానికి రెండు అరలు ఎక్కువే ఉండాలి. కొత్త డ్రైవ్‌ని ఖాళీ అరలో పెట్టి నింపుకున్నాక, పాతదాన్ని తీరిగ్గా తీయొచ్చు. అన్నిటికీ మించి, ఎన్ని డ్రైవ్‌లు పెట్టినా, ఎంత మంచి డబ్బా కొన్నా, అది బ్యాకప్ కాదు. పిడుగు పడినా, పొరపాటున డిలీట్ కొట్టినా అన్నీ కలిసే పోతాయి. అందుకే ఇంకో కాపీ హైదరాబాద్‌లో నా గదిలో ఉంటుంది. ఊరెళ్లినప్పుడల్లా దాన్ని పట్టుకెళ్లి కొత్తవి నింపుకొస్తాను. ఆ రాత్రి నా దగ్గర అదే ఉండి ఉంటే, ఫొటో ఇక్కణ్నుంచే పంపేసేవాణ్ని.

ఈ మే నెలలో అదే గదిలో డ్రైవ్‌లు 43 దాటలేదు.

పోయిన ఆదివారం మాక్ డ్రిల్ పెట్టాను. నేను మేడ మీద, నాన్న కింద, మధ్యలో ఫోను. “నాన్నా, 7కేఎల్4 పోయింది, తియ్యి” అన్నాను. ఆపేసి, లాగి, చేతిలో పట్టుకుని ఫొటో పంపేసరికి రెండు నిమిషాలు పట్టలేదు. స్టిక్కర్ల మీద నంబర్లు ఆయనే రాసుకున్నాడు, ఆల్బమ్‌ల మీద పేర్లు రాసే బంగారు రంగు పెన్నుతో. అమ్మ కూడా పక్కనుంచి చూసి, “ఇంతేనా? ఇది నేనూ తీస్తాను” అంది. తీసింది కూడా.

మీ ఇంట్లోనూ ఇలాంటి డబ్బా ఉంటే ఒక పని చేయండి. ఏ డ్రైవూ పోకముందే, తీరిగ్గా ఉన్న రోజున, మీ ఇంట్లోవాళ్లని పిలిచి ఒక డ్రైవ్ తీయించండి. వాళ్లు మూత దగ్గరే ఆగిపోతే, మార్చాల్సింది వాళ్లని కాదు, క్యాబినెట్‌ని.